కొండదారి – ఋతుధర్మం

మహాకావ్యంలో పద్దెనిమిది వర్ణనలు ఉండాలని ప్రాచీన ఆలంకారికులు నియమం చేశారు. నగరం, సముద్రం, చంద్రోదయం, సూర్యోదయం మొదలైన వాటితోపాటు శైలం, ఋతువు, ప్రయాణం కూడా ఆ పట్టికలో ఉన్నాయి. కావ్యం చదివేవారికి ఇవి మూడు వేరువేరు వర్ణనలు. కొండ ఎక్కేవారికి మాత్రం మూడూ కలిసి ఒకటే విషయం. మాఘమాసంలో సులభంగా ఎక్కిన గుట్టే శ్రావణంలో కాలు జార్చుతుంది. శ్రావణంలో వాగు పారిన చోటే వైశాఖంలో గుక్కెడు నీరు దొరకదు. కొండ అదే, దారి అదే, మారినది కాలం. కాలాన్ని బట్టి నడక కూడా మారాలి. ఈ చిన్న సత్యాన్ని మరచిపోవడమే కొండదారులలో జరిగే ఎన్నో ప్రమాదాలకు మూలం.

అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ప్రవరుని కథ తెలుగు విద్యార్థులకు సుపరిచితమే. హిమాలయాలను చూడాలని ప్రవరుడు ముచ్చటపడ్డాడు. ఆ కోరికలో దోషమేమీ లేదు. సిద్ధుడిచ్చిన పాదలేపనం మహిమతో అతడు హిమగిరి చేరాడు. కాని మంచుకు ఆ లేపనం కరిగిపోయింది. తిరిగివచ్చే దారి తెలియక, ఇంటిని తలచుకొని ఆ గృహస్థు తల్లడిల్లాడు. ఈ ఘట్టాన్ని సాధారణంగా కవితా సౌందర్యం కోసం చదువుతారు. అయితే ఇందులో బాటసారికి పనికివచ్చే నీతి కూడా ఒకటి ఉంది. తన కాళ్ళతో నడిచి తెలుసుకోని దారి తనది కాదు. అరువు తెచ్చుకున్న సాధనం ఎప్పుడు మొరాయిస్తుందో ఎవరూ చెప్పలేరు. నేటి యువకుల చేతిలోని సెల్‌ఫోను అటువంటి పాదలేపనమే. అది దారి చూపుతుంది, ఫొటో తీస్తుంది, ధైర్యం కూడా ఇస్తుంది. గుట్టల నడుమ సిగ్నలు అందని చోట, బ్యాటరీ అయిపోయిన వేళ, ప్రవరుని అవస్థే వారిదీ అవుతుంది.

కొండ అనగానే హిమాలయాలనో, ఊటీనో తలచుకోవడం చాలామందికి అలవాటు. నిజానికి తెలంగాణలో చాలా ఊళ్ళకు గుట్టలు చేరువలోనే ఉన్నాయి. రాజన్న సిరిసిల్ల జిల్లాలోని బోయినపల్లినే ఉదాహరణగా తీసుకోవచ్చు. ఆ మండలానికి ఉత్తరాన జగిత్యాల జిల్లాలోని కొడిమ్యాల అడవులు, వాటిని దాటితే ఆంజనేయస్వామి వెలసిన కొండగట్టు ఉన్నాయి. తూర్పున కరీంనగర్ జిల్లా గంగాధర మండలంలో కురిక్యాల సమీపాన బొమ్మలమ్మ గుట్ట ఉంది. క్రీస్తుశకం పదవ శతాబ్దంలో కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు ఆ గుట్టమీది రాతిపై శాసనం చెక్కించాడు. సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఉన్న ఆ శాసనంలోని తెలుగు కందాలు ఇంతవరకు లభించిన అతి ప్రాచీన కందపద్యాలలో చేరుతాయి. నన్నయ భారతానికంటే ముందటి పద్యాన్ని చూడదలచినవారు గ్రంథాలయానికే కాదు, ఒక గుట్టపైకి కూడా వెళ్ళవచ్చునన్నమాట!

కొండగట్టు స్థలపురాణం కూడా కాలినడకతోనే మొదలవుతుంది. సింగం సంజీవుడనే పశువుల కాపరి తప్పిపోయిన పశువును వెదుకుతూ గుట్టలు తిరిగాడనీ, ఆ వెదుకులాటలోనే అతనికి స్వామి దర్శనమిచ్చాడనీ జనులు చెప్పుకొంటారు. కథలోని విశ్వాసాన్ని ఎవరి మనసుకు తోచినట్లు వారు స్వీకరించవచ్చు. అందులోని సామాజిక సత్యం మాత్రం కాదనలేనిది. ఈ గుట్టల దారులను మొదట కనుగొన్నవారు రాజులు కారు, యాత్రికులు కారు. పశువుల కాపరులు, తునికాకు సేకరించేవారు, కట్టెలకు, తేనెకు, మూలికలకు అడవికి వెళ్ళేవారు ఆ దారులను తమ పాదాలతో గీశారు. ఏ చెలిమెలో ఏ నెల వరకు నీరుంటుందో, ఏ బండ చాటున ఏ మృగం పడుకుంటుందో వారికి తెలుసు. ఆ తెలివి పుస్తకాలకెక్కలేదు. తాత నుండి మనుమడికి నడకలోనే సంక్రమించింది. నేడు మనుమడు మోటారు సైకిలుపై తిరుగుతున్నాడు. అందువల్ల ఆ తెలివి తాతతోనే అంతరించిపోతున్నది.

ఈ పరిస్థితిలో సమాజంలో రెండు ధోరణులు కనిపిస్తున్నాయి. ఎక్కడైనా ప్రమాదం జరిగితే పిల్లలను కొండల వైపు వెళ్ళవద్దని కట్టడి చేయడం ఒకటి. ఎవరినీ అడగకుండా, ఏమీ తెలుసుకోకుండా, ఫొటోల కోసం బండలెక్కడం రెండవది. ఒకటి భయం, మరొకటి నిర్లక్ష్యం. పైకి విరుద్ధంగా కనిపించే ఈ రెండింటికీ పునాది అజ్ఞానమే. భయపెట్టి ఆపడంకంటే తెలియజెప్పి పంపడం మేలు. కొండకు ఒక పంచాంగం ఉంది. ఆ పంచాంగాన్ని యువతరానికి నేర్పితే భయానికీ, నిర్లక్ష్యానికీ కూడా చోటుండదు.

ఆ పంచాంగాన్ని వేసవితో ఆరంభించడం సముచితం. చైత్ర వైశాఖాలలో ఇప్పపూలు రాలుతాయి. తునికిపండ్లు, మొర్రిపండ్లు పక్వానికి వస్తాయి. తునికాకు సేకరణ సాగుతుంది. హనుమద్దీక్ష స్వీకరించిన భక్తులు కాషాయ వస్త్రాలు ధరించి, పాదరక్షలు లేకుండా ఊళ్ళకు ఊళ్ళు దాటి కొండగట్టుకు నడిచి వస్తారు. చైత్ర పూర్ణిమకు చిన్న హనుమజ్జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద హనుమజ్జయంతి జరుగుతాయి. ఈ ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలను తాకే రోజులు కూడా ఇవే. నల్లరాతి గుట్ట పగలంతా వేడిని తాగి, పొద్దుగూకిన తరువాత కూడా చాలాసేపు ఆవిరులు చిమ్ముతుంది. అందువల్ల వేసవిలో పగటి నడక తగదు. తెల్లవారగానే బయలుదేరి ఎండ ముదరకముందే నీడకు చేరాలి. మనిషికి రెండు మూడు లీటర్ల నీరు వెంట ఉండాలి. నడిచేవాడు తడబడి, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, తడిగుడ్డలతో ఒళ్ళు చల్లబరచి, 108 వాహనాన్ని పిలిపించాలి.

వేసవిలో మరొక చిక్కు ఉంది. ఎండకు భయపడి మనిషి ఎంచుకొనే తెల్లవారుజామునే ఎలుగుబంటి కూడా ఎంచుకుంటుంది. తెలంగాణ పల్లెల్లో గుడ్డెలుగు అని పిలిచే ఈ జంతువుకు ఇప్పపూలు, తునికిపండ్లు, తేనె, చెదపురుగులు ప్రీతికరమైన ఆహారం. దాని చూపు మందం. వాసన పసిగట్టడంలో మాత్రం దానికి సాటి లేదు. మసక వెలుతురులో పూలేరుకోవడానికి వంగిన మనిషి, అదే చెట్టుకింద మేస్తున్న ఎలుగు ఒకరినొకరు గమనించకుండా దగ్గరపడతారు. అకస్మాత్తుగా మనిషి ఎదురుపడితే ఎలుగు బెదిరి మీదపడుతుంది. అందుచేతనే అనుభవజ్ఞులు అడవికి ఒంటరిగా పోరు. బిగ్గరగా మాట్లాడుకుంటూ, కర్రతో నేలను తట్టుకుంటూ నడుస్తారు. ఆ చప్పుడు వారి ధైర్యం కోసం చేసేది కాదు. 'మేము వస్తున్నాము, తప్పుకో' అని అడవికి ముందుగా చెప్పే మర్యాద అది.

మృగశిర కార్తె ప్రవేశించగానే కొండ రూపు మారుతుంది. బోడిగా ఉన్న గుట్ట పచ్చబడుతుంది. పెద్దపల్లి జిల్లాలోని రామగిరి ఖిల్లాకు శ్రావణమాసంలో జనం తరలివస్తారు. ఔషధ మొక్కలకు పేరుపొందిన ఆ కొండ వృక్షశాస్త్ర విద్యార్థులకు కూడా అభిమాన క్షేత్రం. అయితే వానకాలపు అందంలోనే అపాయం పొంచి ఉంటుంది. బండలపై పాకురు పట్టి కాలు నిలవదు. ఎక్కేటప్పుడు మడమ మునగని వాగు, పైన వాన పడితే దిగేటప్పటికి నడుము లోతు కావచ్చు. అది తగ్గేవరకు గట్టున కూర్చోవడమే వివేకం. దాటడానికి సాహసించడం అవివేకం. మెరుపు కనిపించిన తరువాత ఉరుము వినిపించడానికి పట్టే కాలాన్ని లెక్కించడం విద్యార్థులకు సులభమైన భౌతికశాస్త్ర పాఠం. ధ్వని సుమారు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు ప్రయాణిస్తుంది. ముప్పై సెకన్ల లోపల ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల పరిధిలో ఉన్నదని అర్థం. వెంటనే గుట్ట శిఖరాన్ని విడిచి కిందికి దిగాలి. ఒంటరి చెట్టు కిందికి పరుగెత్తడం పిడుగును ఆహ్వానించడమే.

పాముల భయం కూడా వానకాలంలోనే ఎక్కువ. భారతదేశంలో 2000 నుండి 2019 వరకు పాముకాటు వల్ల సుమారు 12 లక్షల మంది మరణించారని 2020లో వెలువడిన ఒక శాస్త్రీయ అధ్యయనం అంచనా వేసింది. అందులో దాదాపు సగం మరణాలు జూన్–సెప్టెంబరు నెలల మధ్యనే సంభవించాయి. బాధితులలో అధికులు పొలాలలో, పల్లెలలో బ్రతికే శ్రామికులు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి విషసర్పాలు మనిషిని వెదుక్కుంటూ రావు. మనిషి చూడకుండా అడుగు వేసినప్పుడు, చూడకుండా బండ సందులో చేయి పెట్టినప్పుడు కాటు వేస్తాయి. పాము కరిస్తే గాయాన్ని కోయడం, నోటితో రక్తం పీల్చడం, బిగుతుగా తాడు కట్టడం హానికరం. కరచిన అవయవాన్ని కదలకుండా ఉంచి, రోగికి ధైర్యం చెప్పి, విషానికి విరుగుడు మందు లభించే ఆసుపత్రికి త్వరగా చేర్చాలి. మంత్రగాడి ఇంటివద్ద గడచిన గంటను ఏ వైద్యుడూ తిరిగి ఇవ్వలేడు.

శరదృతువులో గుట్టలు పూలతోటలవుతాయి. బతుకమ్మ పండుగకు ముందు గునుగు, తంగేడు పూల కోసం పిల్లలు, పెద్దలు పొద్దున్నే గుట్టబోర్లకు వెళ్ళడం తెలంగాణ పల్లెలలో తరతరాల ఆచారం. తెలుగునేలలో ఋతువును కాళ్ళతో నేర్చుకొనే పాఠశాల ఇంతకంటే మంచిది మరొకటి లేదు. ఏ పువ్వు ఏ నేలలో పూస్తుందో, దానిని ఎంతవరకు కోయవచ్చునో, ఏ మొక్కను వేరుతో పెరకకూడదో ఆ పూల వేటలోనే పిల్లలకు తెలుస్తుంది. సీతాఫలాలు పండేది కూడా ఈ కాలంలోనే. వాటికోసం మనిషితో పాటు ఎలుగు, కోతి కూడా వస్తాయి. గడ్డి నడుమెత్తు పెరిగి దారి కనిపించదు. పెద్ద బండల అంచులకు కొండ తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. వాటికింద మంట వేయడం, రాయి విసరడం, కేకలు వేయడం ప్రాణాంతకం. ఈగలు లేచినప్పుడు చేతులు విసరుతూ నిలబడకుండా, ముఖం కప్పుకొని దూరంగా తొలగిపోవాలి.

హేమంత శిశిరాలు కొండ నడకకు అనువైన కాలం. గాలి చల్లగా, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. బోయినపల్లి మండలంలోని వరదవెల్లిలో దత్తాత్రేయస్వామి గుట్ట ఉంది. మధ్య మానేరు జలాశయం నిండినప్పుడు ఆ గుట్ట చుట్టూ నీరు చేరుతుంది. మార్గశిర పూర్ణిమనాటి దత్త జయంతికి ఒకప్పుడు నడిచి వెళ్ళిన భక్తులు ఇప్పుడు పడవ ఎక్కవలసి వస్తున్నది. మానవ నిర్మాణాలు కొండదారిని ఎంతగా మార్చగలవో చెప్పడానికి ఇది చక్కని నిదర్శనం. చలికాలంలో పగలు చిన్నది. నాలుగు గంటలకే తిరుగు ప్రయాణం ప్రారంభించకపోతే దారిలోనే చీకటి పడుతుంది. మాఘ ఫాల్గుణాలలో మోదుగులు ఎర్రగా పూస్తాయి. అడవి ఆకు రాల్చుతుంది. ఎండుటాకు నేలంతా పరచుకొన్న ఆ రోజులలో ఒక్క బీడీ ముక్క చాలు, గుట్ట మొత్తం తగలబడడానికి. పక్షి గూళ్ళు, తాబేళ్ళు, కుందేళ్ళు, లేత మొక్కలు ఆ మంటలో నశిస్తాయి. కొండకు మనిషి వల్ల కలిగే అపాయాలలో అగ్గి మొదటిది.

వన్యమృగాలను గురించి మాట్లాడేటప్పుడు అవి దూరారణ్యాలలోనే ఉంటాయన్న భ్రమను విడనాడాలి. 2021 జనవరిలో బోయినపల్లి మండలం మల్కాపూర్ వద్ద ఒక చిరుతపులి వ్యవసాయ బావిలో పడింది. చిరుత పంటచేల అంచుల వరకు వస్తున్నదని ఆ సంఘటన తెలియజేసింది. అది మనిషిని వెదుక్కుంటూ వచ్చేది కాదు. మేకలు, కోళ్ళు, ముఖ్యంగా కుక్కలు దానికి సులభంగా చిక్కే ఆహారం. తిరుమల నడకదారిలో 2023 ఆగస్టులో ఒక ఆరేళ్ళ బాలిక చిరుత దాడిలో మరణించడం తెలుగువారందరినీ కలచివేసింది. ఆ తరువాత పన్నెండేళ్ళలోపు పిల్లలను మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఆ దారిలోకి అనుమతించకుండా నియమం విధించారు, యాత్రికులను గుంపులుగా నడవమన్నారు, చేతికర్రలు అందజేశారు. గొల్లవాడు వేల సంవత్సరాలుగా పాటిస్తున్న గుంపు, కర్ర, వేళ అనే మూడు సూత్రాలే అక్కడ నియమాలుగా మారాయి. చిరుత ఎదురుపడితే పరుగెత్తకూడదు, వంగకూడదు, కూర్చోకూడదు. పిల్లలను దగ్గరికి తీసుకొని, నిటారుగా నిలబడి, దాని వైపే చూస్తూ మెల్లగా వెనుకకు తగ్గాలి.

తినుబండారాలను దారిలో పారవేయడానికీ, మృగాల దాడికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. మనిషి పారవేసిన ఆహారానికి కోతులు, అడవిపందులు, ఊరకుక్కలు చేరుతాయి. వాటికోసం చిరుత వస్తుంది. కొండగట్టుపై కోతులు సంచులు లాక్కొంటున్నాయని యాత్రికులు విసుక్కుంటారు. చేతిలోని కొబ్బరిచిప్పను లాక్కోవడం వాటికి నేర్పినది మనిషే. పుణ్యమని పెట్టే అరటిపండు ఆ ప్రాణిని అడవికి పరాయిదాన్ని చేస్తున్నది. ఆ భక్తిలో కరుణ ఉంది కాని వివేకం లేదు.

ఇక కుక్కల సంగతి. ఇటీవల పట్టణ యువకులు తమ పెంపుడు కుక్కలను వెంటబెట్టుకొని గుట్టలెక్కుతున్నారు. కుక్క మనిషికి అతి ప్రాచీన నేస్తం. తోడుగా ఉండగలదు, అపాయాన్ని ముందుగా పసిగట్టగలదు అనే వాదనలో కొంత నిజం ఉంది. కాని అడవిలో ఆ నేస్తమే అపాయాన్ని తెచ్చిపెట్టే సందర్భాలున్నాయి. ఎలుగును చూసిన కుక్క మొరుగుతూ దాని మీదికి పోతుంది. ఎలుగు తిరగబడగానే యజమాని కాళ్ళ దగ్గరికి పరుగెత్తుకొస్తుంది. దాని వెనుకనే ఎలుగు కూడా వస్తుంది. చిరుతకు కుక్క ప్రియమైన ఆహారమైనందున కుక్క ఉన్నచోటికి చిరుత ఆకర్షితమవుతుంది. నేలపై గుడ్లు పెట్టే నెమలిని, పొదలో దాగిన కుందేలును కుక్క వెంటాడుతుంది. దానికి అది ఆట, వాటికి ప్రాణసంకటం.

కంటికి కనిపించని ముప్పు ఇంకా పెద్దది. కుక్కలకు వచ్చే డిస్టెంపర్ అనే వైరస్ వ్యాధి అడవి జంతువులకు కూడా సోకుతుంది. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటి ప్రాంతంలో ఈ వ్యాధి వల్ల దాదాపు వెయ్యి సింహాలు, అంటే అక్కడి సింహాలలో ఇంచుమించు మూడో వంతు, మరణించాయి. 2018లో గుజరాత్‌లోని గిర్ అడవిలో ఇరవైకి పైగా సింహాలు చనిపోగా, వాటిలో కొన్నింటిలో ఈ వైరస్ బయటపడింది. టీకా వేయించని ఒక్క కుక్క ఒక గుట్ట మీది నక్కలను, తోడేళ్ళను కనుమరుగు చేయగలదు. అడవి నుండి కుక్కకు కలిగే హాని కూడా తక్కువేమీ కాదు. పిడుదులు పట్టుకుంటాయి, ఎండకు కాలిన బండపై పాదాలు బొబ్బలెక్కుతాయి, పొదలో ముక్కు దూర్చిన కుక్క పాముకాటుకు గురవుతుంది. కుక్క చెమటతో ఒళ్ళు చల్లబరచుకోలేదు. నాలుక చాచి రొప్పడమే దానికున్న ఉపాయం. అందువల్ల యజమానికంటే ముందు దానికే వడదెబ్బ తగులుతుంది.

కాపరులు కుక్కలను తీసుకుపోవడం లేదా అని ఎవరైనా ప్రశ్నించవచ్చు. కాపరి కుక్క పుట్టినప్పటి నుండి మందతో పెరిగినది. యజమాని ఈల వేస్తే ఆగుతుంది, అదిలిస్తే వెనుకకు వస్తుంది. అది విహారానికి రాదు, పనికి వస్తుంది. అటువంటి కుక్కలు కూడా చిరుత పాలవుతూనే ఉంటాయి. మెత్తని పరుపుపై పెరిగిన పట్టణపు కుక్కకు ఆ నేర్పు ఎక్కడిది? కాబట్టి అడవి ఉన్న గుట్టలకు పెంపుడు కుక్కను తీసుకుపోకపోవడమే ధర్మం. ఊరిని ఆనుకొని ఉన్న బోడిగుట్టకు తీసుకువెళ్ళినా, టీకాలు వేయించి, మెడకు పట్టీ కట్టి, దానికి కూడా నీరు పట్టుకొని పోవాలి.

ఈ మాట వినగానే మహాభారతంలోని మహాప్రస్థానం గుర్తుకురావడం సహజం. పాండవులు హిమవంతం వైపు సాగినప్పుడు ఒక కుక్క వారిని వెంబడించింది. ద్రౌపది, తమ్ములు నేలకొరిగారు. స్వర్గానికి రమ్మని ఇంద్రుడు పిలిచినా, నమ్మి వచ్చిన కుక్కను విడిచి రానన్నాడు ధర్మరాజు. ఆ ధర్మరాజు కుక్కను ఆటకోసం తీసుకుపోలేదు. అదే అతన్ని ఆశ్రయించి వచ్చింది. ఆశ్రయించిన ప్రాణికి కీడు కలగనీయకపోవడం ఆ కథలోని ధర్మం. తన వినోదం కోసం నోరులేని ప్రాణిని చిరుత సంచరించే చోటికి నడిపించడం ఆ ధర్మానికి విరుద్ధం. ఇంటివద్ద ఉంచడం దానిని విడిచిపెట్టడం కాదు, కాపాడడమే.

ఇన్ని అపాయాలుండగా కొండలెక్కడం ఎందుకు, రోడ్లున్నాయి గదా అనేవారు కూడా ఉన్నారు. రోడ్డు మాత్రమే క్షేమమనే భావన కూడా సరికాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో దిగుతున్న బస్సు లోయలో పడి అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. కొండ మీది జాగ్రత్త చక్రాలకూ అవసరమే, కాళ్ళకూ అవసరమే. అంతేకాదు, మనిషి నడవని దారి త్వరలోనే మాయమవుతుంది. రెండు వానకాలాలు గడిస్తే పొదలు కమ్ముకుంటాయి. దారి పోయిన గుట్టను ఎవరూ చూడరు. చూడని గుట్టకు ఏమి జరిగినా ఎవరికీ తెలియదు. కరీంనగర్ ప్రాంతపు గ్రానైటు దేశవిదేశాలకు ఎగుమతి అవుతున్నది. ఎన్నో గుట్టలు క్వారీలుగా మారాయి. వేయేళ్ళ పద్యాలను మోస్తున్న బొమ్మలమ్మ గుట్ట గురించి కూడా చరిత్రాభిమానులు ఆందోళన చెందవలసి వచ్చింది. ఆ పద్యాలను చూడడానికి ఏటా వందమంది విద్యార్థులు నడిచి వెళితే, ఆ గుట్టకు వందమంది కాపలాదారులు ఏర్పడినట్లే.

కొండ యువతకు ఏమి ఇవ్వగలదో చెప్పడానికి మలావత్ పూర్ణ జీవితం చాలు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన ఆ గిరిజన బాలిక 2014 మే 25న, పద్నాలుగేళ్ళు నిండకముందే, ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఆమె తొలి పాఠాలు నేర్చినది మంచుకొండల మీద కాదు, భువనగిరి బండమీద. అక్కడ ఆమె నేర్చిన మొదటి విషయం సాహసం కాదు, క్రమశిక్షణ. తాడు ఎట్లా కట్టాలి, కాలు ఎక్కడ మోపాలి, గురువు ఆగమంటే ఎట్లా ఆగాలి అన్నవి నేర్చిన తరువాతనే సాహసానికి విలువ వస్తుంది.

కనుక జరగవలసిన పనులు అసాధ్యమైనవి కావు. ప్రతి కళాశాల తన సమీపంలోని గుట్టకు ఏడాదికి నాలుగుసార్లు, నాలుగు ఋతువులలో, విద్యార్థులను నడిపించాలి. అధ్యాపకునితో పాటు ఆ ఊరి కాపరినో, తునికాకు సేకరించే తల్లినో గురువుగా వెంట తీసుకుపోవాలి. వారు చెప్పిన మాటలను విద్యార్థులు నోటుపుస్తకంలో రాసుకోవాలి. రక్షిత అరణ్యమైతే అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. గుట్ట మొదట్లో ఏ నెలలో ఏ జాగ్రత్త అవసరమో తెలిపే పలక ఒకటి పాతాలి. ఎవరు వెళుతున్నారో, ఎప్పటికి తిరిగి వస్తారో ఇంటిలో చెప్పి బయలుదేరడం అలవాటు కావాలి. వీటికి పెద్ద ధనం అక్కరలేదు. కాస్త శ్రద్ధ చాలు.

ప్రవరుడు తిరిగి ఇల్లు చేరడానికి అగ్నిదేవుడు సహాయపడ్డాడు. అందరికీ ఆ భాగ్యం కలగదు. ఊరిలోని ముసలి కాపరిని ముందుగా అడిగి బయలుదేరినవారికి ఆ అవసరమే రాదు. ఆ కాపరి ఇంకా ఊళ్ళోనే, గుట్ట కనిపించే అరుగుమీద కూర్చొని ఉన్నాడు. అతన్ని అడగవలసిన సమయం ఇదే.